ఎవరి కంటికి పొర

నేను ఒక హెడ్‌లైటుని. తెల్లటి పాత అంబాసిడర్ కారుకి ఎడమ పక్కన ఉండేదాన్ని. నా జోడు కుడి పక్కన ఉండేది. అది ఎక్కువ మాట్లాడే రకం కాదు, అందుకని ఇద్దరి సంగతీ నేనే చెప్పాల్సి వస్తోంది. చెప్పక తప్పని కారణం కూడా ఒకటుంది. రెండు శీతాకాలాల పాటు నా మీద నింద పడింది. వెలుతురు ఇవ్వడం లేదన్నారు. అసలు నేను నేనే కాదన్నారు, నన్ను పీకేసి నా చోట దొంగ సరుకు పెట్టారన్నారు. దీపాన్ని దొంగని చేసిన మనిషిని నా జన్మలో ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆయన పేరు రుత్తల సన్నిబాబు.

ఆయన దాకా రావడానికి ముందు నాకు కొంత బతుకుంది. ఎక్కడో ఊరి బయట ఫ్యాక్టరీలో రేకుని గిన్నెలా నొక్కి, లోపల అద్దంలా మెరిసే పూత పూసి, మీద గుండ్రటి గాజు బిగించి నన్ను తయారుచేశారు. గిన్నె లోపల వేలిముద్ర పడితే వెలుగు చెదురుతుందని అక్కడి ఆడపిల్లలు చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుని పట్టుకునేవాళ్ళు. అంత మర్యాదగా నన్ను పట్టుకున్న చేతులు మళ్ళీ ఎదురు కాలేదు.

మొదట నీటిపారుదల ఇంజనీరు ఒకాయన దగ్గర ఉన్నాను. పగలు కాలవల మీదికి వెళ్ళేవాళ్ళం, సాయంత్రం ఆయన అత్తవారి వైపు పెళ్ళిళ్ళకి వెళ్ళేవాళ్ళం. రెండింటినీ ఆయన తనిఖీ అనే అనేవారు. తరవాత వేలంలో ఒక సినిమాహాలు యజమాని కొనుక్కున్నాడు. పక్క ఊరి హాలు దగ్గర జనం ఎంతమంది నిలబడ్డారో చూడాలని ఆయన రోజూ మొదటి ఆట వేళకి బయల్దేరేవాడు, హాలు దగ్గర పడగానే నన్ను ఆర్పేసేవాడు. ఆరిపోయి ఉద్యోగం చేసింది ఆయన దగ్గరే. మనుషులకి ఎదుటివాణ్ణి చూడాలనుంటుంది, తాము కనపడకూడదనుంటుంది. నేను వాళ్ళ దగ్గర మొదట నేర్చుకున్నది ఇది.

ఆ పైన నర్సీపట్నం వచ్చాను, సన్నిబాబు చేతికి. ఇరవై రెండేళ్ళు ఆయన దగ్గరే.

సన్నిబాబుకి ఒకటే పని. పొద్దున్నే ఆరున్నరకి బస్టాండు దగ్గర ముగ్గురు టీచర్లని ఎక్కించుకుని, డౌనూరు మీదుగా ఘాటు రోడ్డు ఎక్కి, లంబసింగి దాటి వాళ్ళ వాళ్ళ బడుల దగ్గర దించడం. సాయంత్రం మళ్ళీ కిందికి తీసుకురావడం. ముగ్గురూ ఆయన్ని నాయుడు గారు అనేవాళ్ళు, వెనక సీట్లో కూర్చునేవాళ్ళు. ముందు సీట్లో వాళ్ళ క్యారేజీలూ సంచులూ ఉండేవి. చలికాలం వచ్చిందంటే డౌనూరు దగ్గరే మంచు కమ్ముకుంటుంది, పొద్దెక్కినా దీపాలు వేసుకునే పోవాలి. ముప్పై ఏళ్ళ డ్రైవరీలో బండికి ఒక గీత పడలేదని సన్నిబాబు చెప్పుకునేవాడు. అది నిజమే. నేనే సాక్ష్యం.

ఒక మార్గశిరంలో, ఘాటు మీద మూడో మలుపు దగ్గర, ఆయన స్టీరింగు మీదికి వంగి, "వెలుతురు చాలట్లేదు," అన్నాడు.

నేను ఎప్పటిలాగే వెలుగుతున్నాను. అలాగనే అనుకున్నాను.

మరుసటి రోజూ అదే మాట. ఆ పై రోజూ అదే. రోజులు గడిచే కొద్దీ స్టీరింగు మీద ఆయన పట్టు బిగుసుకుంటోంది. ఘాటు ఎక్కి దిగడం తప్ప ఆయనకి వేరే బతుకు లేదు. అరవై రెండేళ్ళ వయసులో బండి ఆగిపోతే తను ఇంటి అరుగు మీద కూర్చునే మనిషైపోతాడు. ఆగకపోతే వెనక సీట్లో మూడు ప్రాణాలున్నాయి. ఈ రెండు భయాల మధ్యా నలిగాడు. భయాన్ని ఒప్పుకోవడం కంటే ఎవర్నో ఒకర్ని అనుమానించడం తేలిక. అనుమానించడానికి అన్నిటికంటే దగ్గర్లో నేనున్నాను.

బస్టాండు పక్కన రేకుల షెడ్డులో వలీ అని బండ్ల వైరింగు పనివాడున్నాడు. నలభై దాటిన మనిషి, చేతి పని శుభ్రం, నోరు మెత్తన. వలీ నోట హెడ్‌లైటు అన్న మాట రాదు. కన్ను అంటాడు. 'ఎడం కన్ను పోయింది', 'కుడి కంటి వైరు ఎలక కొరికీసింది', ఇలాగ. సన్నిబాబు బండి తెచ్చి, "వెలుతురు పెంచీరా," అన్నాడు. వలీ స్విచ్చి గుండా వచ్చే పాత సన్న వైరుని వదిలేసి, బ్యాటరీ నుంచి తిన్నగా లావు వైరు లాగి, మధ్యలో కరెంటుని మళ్ళించే రిలే బిగించి, నా కడుపులో కొత్త హ్యాలోజన్ బల్బు పెట్టాడు. వేసి చూస్తే ఎదురింటి గోడ మీద సున్నం పెచ్చులు కూడా లెక్కపెట్టొచ్చు. నాకే గర్వం వేసింది.

మర్నాడు సాయంత్రం టీచర్లని దింపేసి తిన్నగా షెడ్డుకే వచ్చాడు సన్నిబాబు.

"కొత్తది పెట్టేనన్నావు. పాతదే తుడిచి పెట్టీసేవా?"

"నీ ముందే గదా బాబాయ్ విప్పేను."

"నేను టీ తాగడానికెళ్ళేను గదా మధ్యలో."

వలీకి కోపం రాలేదు. కొత్త బల్బు తాలూకు అట్టపెట్టె వెతికి తెచ్చి చేతిలో పెట్టాడు. సన్నిబాబు దాన్ని దూరంగా పట్టుకున్నాడు, దగ్గరగా తెచ్చుకున్నాడు, ఎండ వైపు తిప్పాడు. తిప్పి, "అచ్చు అలికీసినట్టుంది. డూప్లికేటు సరుక్కే ఇలాటి అచ్చుంటాది," అన్నాడు.

వలీ పెట్టెని చూశాడు. అక్షరాలు శుభ్రంగా ఉన్నాయి. తరవాత, ఎండలోకి తిరిగి ఉన్న సన్నిబాబు ముఖాన్ని చూశాడు. ఎడమ కంటి నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క కలిపినట్టు తెలుపు. కుడి కంట్లోనూ ఉంది, కొంచెం తక్కువ.

ఇక్కడే వచ్చింది చిక్కు. బాబాయ్ అని పిలిచే మనిషిని 'నీకు కళ్ళు కనపడ్డం లేదు' అని మొహం మీద ఎలా అంటాడు? అందులోనూ డ్రైవరుతో ఆ మాట అంటే బూతు కంటే హీనం. వలీ చేతులు గుడ్డకి తుడుచుకుని, నేల చూస్తూ అన్నాడు:

"కంటికి పొర కమ్మింది బాబాయ్. ఎడం కంటికి మరీ ఎక్కువ. ముందది తీయించీస్తే ఇంకే లైటూ మార్చక్కర్లేదు."

ఎవరి కంటికో సన్నిబాబు అడగలేదు, వలీ చెప్పలేదు. మన మాటలో ఆ వెసులుబాటు ఉంది. ఎవరిదో చెప్పకుండానే వాక్యం ముగించెయ్యొచ్చు.

సన్నిబాబు ఇంటికెళ్ళి చింతపండు నానబెట్టాడు. నా గాజుని చింతపండుతో రుద్దాడు, ముగ్గుపిండితో రుద్దాడు, మర్నాటి నుంచి పళ్ళు తోముకునే పేస్టు పెట్టి బ్రష్షుతో తోమడం మొదలెట్టాడు. రోజూ పొద్దున ఆయన నోరూ నా మొహం ఒకేసారి శుభ్రపడేవి. నాలుగో రోజున ఆయన భార్య నూకరత్నం నీళ్ళ బిందె దించి చూస్తూ నిలబడింది.

"ఏటా పని? దానికి పళ్ళున్నాయా?"

"పొర తీస్తన్నాను. వలీ సెప్పేడు, కంటికి పొరొచ్చిందని."

"ఏ కంటికి?"

"ఎడం కంటికి. కనపడతన్నాది గదా."

నూకరత్నం నన్ను చూసింది, మొగుణ్ణి చూసింది. "నీ ఎడం పక్క నించుంటే నువ్వు నన్ను సూడ్డం మానీసి ఏడాదయ్యింది," అంది.

"నిన్ను సూడకపోడానికి కన్నే పోవాలేటి?" అన్నాడు సన్నిబాబు, నురగ కడిగేస్తూ.

ఆవిడ నవ్వింది గాని, లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూడడం నేను గమనించాను. ఆ ఇంట్లో అనుమానం అప్పటికి ఇద్దరికైంది. నాతో ముగ్గురం. నేను వలీని అనుమానించాను. నా గాజుకి పొర ఉందని ఎందుకన్నాడో నాకు బోధపడలేదు.

రెండో చలికాలం వచ్చేసరికి సన్నిబాబు వలీ దగ్గరికి వెళ్ళడం మానేశాడు. వాడు బల్బు నొక్కేశాడని ఆయన నమ్మకం. అనకాపల్లి వెళ్ళి, హైవే పక్కన కొత్తగా పెట్టిన షాపులో, నా బల్బు తీయించి ఎల్‌ఈడీ పెట్టించుకొచ్చాడు. పాల తెలుపు వెలుగు. చూడ్డానికి గొప్పగానే ఉంది. నా గిన్నె మాత్రం దాని కోసం చేసింది కాదు. బల్బులో సన్నటి తీగ వెలిగితే ఆ వెలుగుని పట్టి రోడ్డు మీద పరచడం నాకు తెలుసు. ఇది అన్ని వైపులకీ చిమ్ముతోంది; చెట్ల మీద, ఆకాశం మీద, ఎదుటి డ్రైవర్ల మొహాల మీద. వాళ్ళు దీపాలు ఆర్పి వెలిగించి తిట్టేవారు. "కుళ్ళు," అనేవాడు సన్నిబాబు.

పుష్యమాసంలో ఒక పొద్దున అయిదో మలుపు ఎక్కుతున్నాం. మంచు దట్టంగా ఉంది. నా తెల్ల వెలుగు ఆ మంచుకి తగిలి తిరిగి మా మీదికే వస్తోంది, దుప్పటి ఆరేసినట్టు. సన్నిబాబు గేరు మార్చాడు. రోడ్డు మీద పచ్చి కొమ్మలు నరికి వరసగా పడేసి ఉన్నాయి. ఆ దారిలో డ్రైవరన్నవాడికి ఎవడికైనా తెలుసు, కొమ్మలు పడున్నాయంటే ముందు బండి చెడి ఆగి ఉందని. సన్నిబాబు ఆ కొమ్మల మీంచే పోనిచ్చాడు. చక్రాల కింద అవి విరిగే చప్పుడు విని కూడా ఏమిటో అనుకున్నాడు.

"నాయుడు గారూ, కొమ్మలు. ఆపండి, ఆపండి," అంది వెనకనుంచి ఉమామణి టీచరు.

ఆయన బ్రేకు తొక్కాడు. యూకలిప్టస్ దుంగల లారీ వెనక భాగం నా గాజుకి జానెడు దూరంలో ఆగింది. ఒక దుంగ బెరడు మీద చీమలు పోతున్నాయి. అవి నాకు స్పష్టంగా కనపడ్డాయి.

సన్నిబాబు దిగి వచ్చి నన్ను అరచేత్తో కొట్టాడు. "దీని దుంప తెగ. ఎన్ని మార్చినా ఇంతే," అన్నాడు.

ఉమామణి కిటికీలోంచి ఆయన్నే చూస్తోంది. ఆవిడ లెక్కల టీచరు. తక్కువ మాట్లాడుతుంది. ఆ రోజంతా ఆవిడ బుర్రలో ఏం తిరిగిందో సాయంత్రం కిందికి దిగేటప్పుడు పక్కావిడతో మెల్లిగా అనగా విన్నాను. "నేను వెనక సీట్లో ఉన్నాను. నాకు ఆయన వీపు అడ్డం. ఆ వెలుతురులోనే నాకు కొమ్మలు కనపడ్డాయి. ముందున్న ఆయనకి ఎందుకు కనపడలేదు?"

నర్సీపట్నం వచ్చాక మిగతా ఇద్దరూ దిగిపోయారు. ఉమామణి దిగలేదు. "లైట్లు ఒకసారి వలీకి చూపిద్దాం నాయుడు గారు. నేనూ వస్తాను," అంది.

"వాడా? వాడు దొంగ."

"అయితే ఇద్దరం కలిసి పట్టుకుందాం."

పొద్దు వాలుతోంది. వలీ మమ్మల్ని చూసి ఏమీ అడక్కుండా ఎల్‌ఈడీ తీసేసి మళ్ళీ హ్యాలోజనే పెట్టాడు. కన్ను సరిచూడ్డానికి వాడి పద్ధతి ఒకటుంది. గోడకి ఇరవై అయిదు అడుగుల దూరంలో బండి నిలబెట్టి, గోడ మీద సుద్దతో అడ్డగీత గీస్తాడు. వెలుగు పై అంచు ఆ గీత దాటకూడదు. దాటితే ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. ఆ సాయంత్రం సుద్దముక్క ఉమామణి తీసుకుంది. బళ్ళో గీసి గీసి అలవాటైన చెయ్యి, బొటనవేలంత లావున గీత తిన్నగా వచ్చింది.

వలీ నా వెనక మర మీద స్క్రూడ్రైవరు పెట్టి, "బాబాయ్, వెలుగు గీతకి పైనుందా, కిందుందా? సెప్పు, దించుతాను," అన్నాడు.

సన్నిబాబు బండి పక్కన నిలబడి ఉన్నాడు. "ఏ గీతకి?" అన్నాడు.

వలీ చెయ్యి ఆగిపోయింది.

"గీత గియ్యలేదు గదా," అన్నాడు సన్నిబాబు మళ్ళీ. "ఇద్దరూ కలిసి నన్ను ఆడిస్తన్నారా? ముందే అనుకున్నాను టీచరమ్మా, వీడూ మీరూ మాటాడుకునే వచ్చేరని."

ఆయన గోడ దాకా నడిచాడు. నా వెలుగులో ఆయన నీడ గోడంతా పరుచుకుంది. చెయ్యి ఎత్తి గోడని తడిమాడు. వేళ్ళు గీత మీంచి పోయాయి. చేతిని మొహం దగ్గరకి, బాగా దగ్గరకి తెచ్చుకున్నాడు. వేళ్ళకి సుద్ద అంటింది. అటు తిరిగే అడిగాడు:

"ఒరే వలీ. కంటికి పొరంటే..."

"నీ కంటికే బాబాయ్."

"అప్పుడే సెప్పొచ్చు గదరా."

"సెప్పేను బాబాయ్. నువ్వు పేస్టెట్టి తోమీసేవు."

ఉమామణి తల పక్కకి తిప్పుకుంది. సన్నిబాబు భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనకనుంచి నాకు తెలీలేదు. తిరిగి వచ్చి తాళంచెవి బానెట్టు మీద పెట్టాడు. "రేపట్నుంచి బస్సెక్కండి టీచరమ్మా," అన్నాడు. ఆవిడ 'పరవాలేదు' అనలేదు. తల ఊపింది. ఆ మాత్రం నిజాయితీ మనుషుల్లో అరుదు.

బండిని ఇంటికి చేర్చి గుడ్డ కప్పారు. మాఘంలో ఒక కంటికి ఆపరేషను, చైత్రంలో రెండో దానికి. గుడ్డ కింద నాకు మాటలే వినపడేవి. "పైకి సూడు. ఇటు గాదు, పైకి," అని మందు చుక్కలు వేస్తూ నూకరత్నం. "టీచర్లు జీపులో పోతన్నారంట. ఆ జీపు మలుపులో హారను కొట్టదు," అని సన్నిబాబు. రోజుకోసారి ఆ మాట అనేవాడు. బేరం పోయిందేమోనని ఆయన బెంగ. నా బెంగ వేరు. చూపు రానీ, నన్ను చూస్తాడు, నా తప్పేమీ లేదని తెలుసుకుంటాడు, అప్పుడు నాతో ఏమంటాడో విందామని కూర్చున్నాను.

వైశాఖంలో ఒక ఉదయం గుడ్డ తీశాడు. నా ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళు రెండూ తేటగా ఉన్నాయి. చాలాసేపు చూశాడు. గోటితో గాజు మీద కొట్టాడు.

"నూకాలూ, ఇలారా. దీని లోపల పూతంతా రాలిపోయింది. అడుగున తుప్పు. ఇన్నాళ్ళూ ఇలాగే ఉందేటి?"

"ఇలాగే ఉంది."

"అయితే లైటు కూడా పోయింది. నేను సెప్పిందే గదా మొదట్నుంచీ."

"నువ్వు సెప్పిందీ నిజమే, వలీ సెప్పిందీ నిజమే. మీ ఇద్దరి నిజాలూ కలిసేసరికి లారీ కింద పెట్టీబోనావు ముగ్గుర్ని," అంది నూకరత్నం.

వేడి బల్బులకి నా లోపలి పూత ఎప్పుడో పెచ్చులూడిందట. నేను వెలుగుతున్నాననే అనుకున్నాను. వెలిగేదానికి తన వెలుగు ఎదుట దేని మీదో పడితే చూసుకోవడం తప్ప వేరే దారి లేదు. ఘాటు మీద రాళ్ళు మసకగా కనపడితే ఆ రాళ్ళే నల్లబడ్డాయనుకున్నాను. సన్నిబాబు నన్ను అనుమానించినట్టే నేను కొండని అనుమానించాను.

ఆ వారంలోనే వలీ మా ఇద్దర్నీ విప్పేసి కొత్త జత బిగించాడు. కొత్త గాజు, కొత్త గిన్నె, మంచుకి పసుపు రంగు దీపం ఒకటి విడిగా కింద. నా జోడు అప్పటికీ ఏమీ మాట్లాడలేదు. మమ్మల్ని షెడ్డు ముందు పాత సామాను తొట్టిలో పడేశారు. అక్కణ్ణుంచి బస్టాండు బాగా కనిపిస్తుంది.

బడులు తెరిచిన రోజు ఆరున్నరకి సన్నిబాబు బండి వచ్చి పాత చోటే ఆగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. జీపు కూడా వచ్చి కాస్త ఇవతల ఆగింది. ముగ్గురు టీచర్లూ రెండిటికీ మధ్య నిలబడ్డారు. మిగతా ఇద్దరూ ఉమామణి మొహం చూశారు. ఆవిడ సన్నిబాబు దగ్గరకి వచ్చి, "ఆ వస్తున్న బస్సు బోర్డు చదవండి," అంది.

"చోడవరం మీదుగా అనకాపల్లి. కుడి పక్క అద్దం పగిలింది. డ్రైవరు గెడ్డం గీసుకోలేదు."

"డాక్టరు ఇచ్చిన కాగితం ఉందా?"

అడగదనుకున్నాడు కాబోలు, ఆయన మొహం కొంచెం చిన్నబోయింది. జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆవిడ మొదటి వరస నుంచి సంతకం దాకా చదివి, మిగతా ఇద్దరికీ ఇచ్చింది. వాళ్ళూ చదివారు. జీపువాడు ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళిపోయాడు. ఇద్దరూ వెనక సీట్లో ఎక్కారు. ఉమామణి మాత్రం ముందు తలుపు తీసి, క్యారేజీలు వెనక్కి అందించి, డ్రైవరు పక్కన కూర్చుంది.

"ఏటి టీచరమ్మా, ఇంకా అనుమానమేనా?"

"అనుమానమే. ఘాటు ఎక్కేదాకా ఉంటుంది. రేపు కూడా ఉంటుంది."

"ఉంచండి. మా ఆడదానికీ ఉంది," అని సన్నిబాబు బండి తీశాడు.

బస్టాండు మలుపు దగ్గర ఎవరో గేదెని తోలుకుంటూ రోడ్డు మీదికి వచ్చారు. ఉమామణి గబుక్కున చెయ్యెత్తబోయింది. అప్పటికే బండి నెమ్మదించింది. గేదె తీరిగ్గా దాటింది. ఆవిడ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకోవడం మలుపులో పక్కకి తిరిగిన బండి కిటికీలోంచి నాకు కనపడింది. కళ్ళు మాత్రం రోడ్డు మీంచి తియ్యలేదు. ఆయనా తియ్యలేదు.